చక్రాల పలక: ఒక తీరనగర కథ



2023 వేసవిలో లాస్ ఏంజిలిస్‌లోని మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు, మనవడు నన్ను వెనిస్ సముద్రతీరానికి వెంటబెట్టుకుపోయాడు. ఇసుక నడుమ సిమెంటుతో మలచిన ఎండిన కోనేళ్ళవంటి గుంటలు. వాటి అంచున పిల్లలు ఒక్కొక్క పలక మీద నిలిచి లోనికి జారుతున్నారు, ఎదుటి గోడనెక్కి గాలిలో తిరిగి దిగుతున్నారు. దానిని స్కేట్‌బోర్డు అంటారని మావాడు చెప్పాడు. పండితవృత్తి చేసినవాడిని కనుక నా బుద్ధి ముందుగా పేరు మీదికే పోయింది. ఫలకము ప్రకృతి, పలక వికృతి. 'చక్రఫలకము' గంభీరమే కాని పిల్లల నోట నిలవదు. 'చక్రాల పలక' అనుకొందాం.

దాని పుట్టుపూర్వోత్తరాలు వెదకబోతే అది ఆట చరిత్రగా కంటె నగరచరిత్రగానే నాకు తోచింది.

వెనిస్‌ను 1905లో ఆబట్ కిన్నీ అనే పొగాకు వ్యాపారి, ఇటలీ నగరాన్ని తలపించేటట్లు కాలువలు త్రవ్వించి నెలకొల్పాడు. 1926లో అది లాస్ ఏంజిలిస్‌లో విలీనమైంది. 1929లో ఆ కాలువలలో చాలాభాగాన్ని పూడ్చి రహదారులు వేశారు. పక్కనే శాంటా మోనికా. రెండు ఊళ్ళ సరిహద్దు ప్రాంతంలో, సముద్రంలోకి చొచ్చుకొనిపోయిన వంతెన మీద, 1958లో పసిఫిక్ ఓషన్ పార్క్ అనే వినోదశాల వెలసి 1967లో మూతపడింది. శిథిలమైన ఆ కట్టడపు స్తంభాల నడుమ అలలపై సవారీ చేయడం స్థానిక కుర్రాళ్ళకు వ్యసనమైంది. ఆ పేదపేటకు 'డాగ్‌టౌన్' అని పేరు.

చక్రాల పలక ఈ అలల సవారీకి తోబుట్టువే. 1950లలోనే కాలిఫోర్నియా పిల్లలు రోలర్ స్కేట్ల చక్రాలు ఊడదీసి చెక్కకు బిగించుకొనేవారు. అల లేని రోజున వీథే సముద్రం. 1960లలో కంపెనీలు దీనిని తయారుచేసి అమ్మాయి. కాని మట్టి మిశ్రమంతో చేసిన ఆ చక్రాల కింద చిన్న గులకరాయి పడినా పలక ఆగిపోయేది, మనిషి ముందుకు ఎగిరిపడేవాడు. దెబ్బలు పెరిగాయి, పలు నగరాలు నిషేధించాయి. 1965 నాటికి వెఱ్ఱి చల్లారింది. 1970ల ఆరంభంలో ఫ్రాంక్ నాస్‌వర్తీ అనే యువకుడు యూరిథేన్ చక్రాలను ప్రవేశపెట్టడంతో పలకకు పునర్జన్మ కలిగింది. యూరిథేన్ మెత్తగా నేలను పట్టుకొంటుంది, చిన్నరాళ్ళ మీదుగా సాగిపోతుంది.

ఇక ఎక్కడ ఆడాలి? ఈ ప్రశ్నకు వారు కనుగొన్న సమాధానం నన్ను ఆశ్చర్యపరచింది. కొండవాలులు చదునుచేసి కట్టిన బడులకు ఆటస్థలం చుట్టూ తారుపూసిన ఏటవాలు గట్లుండేవి. పాల్ రివియర్, కెంటర్ కాన్యన్ బడులు అటువంటివి. పెద్దలకు అవి గట్లు. పిల్లలకు నిలిచిపోయిన అలలు. మోకాళ్ళు వంచి, నేలకు దాదాపు ఆనుకొని, చేతిని తారుపై రాస్తూ వారు మలుపు తిరిగేవారు. హవాయి సర్ఫర్ లారీ బెర్టల్‌మన్ అలను చేత తాకే భంగిమకు అది అనుకరణ. జెఫ్ హో నడిపిన దుకాణం పేర ఏర్పడిన 'జెఫిర్' జట్టు 1975లో శాన్ డియాగో సమీపంలోని డెల్ మార్ పోటీకి ఈ శైలితోనే వెళ్ళింది. నిటారుగా నిలిచి విన్యాసాలు చేసేవారి నడుమ టోనీ ఆల్వా, జే ఆడమ్స్, స్టేసీ పెరాల్టా, జట్టులోని ఏకైక యువతి పెగ్గీ ఓకీ వేరే జాతివారివలె కనిపించారు.

1976–77లో కాలిఫోర్నియాను కరువు పీడించింది. పెరళ్ళలోని ఈతకొలనులు ఎండబెట్టారు. ఆ దేశపు కొలనుల గోడలు వంపు తిరిగి అడుగులో కలిసిపోతాయి. కుర్రాళ్ళు గోడలు దూకి, మిగిలిన నీటిని పంపులతో తోడివేసి ఆడేవారు. పోలీసులు వస్తే పరుగు. అందరికీ శాపమైన అనావృష్టి వీరికి వరమైంది. గోడ అంచు దాటి గాలిలోకి లేచే విద్య ఆ కొలనులలోనే పదునెక్కింది.

వ్యాపారులు ఊరుకొంటారా? 1970ల చివరికి టిక్కెట్టు పెట్టి మెరీనా డెల్ రే వంటి స్కేట్‌పార్కులు వెలిశాయి. దెబ్బలు తగిలినవారి దావాలతో బీమా సొమ్ము పెరిగి, 1980ల ఆరంభానికే అనేకం మూతపడి నేలమట్టమయ్యాయి. పిల్లలు తిరిగి వీథిన పడ్డారు. మెట్లు, రెయిలింగులు, బెంచీలు, తీరంలోని వెనిస్ పెవిలియన్ ప్రాంగణం, అన్నీ వారికి ఆటస్థలాలే. తరిమేవారు తరుముతూనే ఉన్నారు.

మార్పునకు దారి వేసింది ఒక చట్టం. 1997లో కాలిఫోర్నియా శాసనసభ ఈ ఆటను ప్రమాదకర వినోదాల జాబితాలో చేర్చింది. పద్నాలుగేళ్ళు నిండినవారు ప్రభుత్వ స్థలంలో ఆడి గాయపడితే ఆ సంస్థపై దావాకు అవకాశం బాగా తగ్గింది. హెల్మెట్టు, మోచేతికీ మోకాలికీ కవచాలు తప్పనిసరి. భయం తీరిన నగరాలు తామే పార్కులు కట్టసాగాయి. 2005లో శాంటా మోనికాలో 'ది కోవ్', 2009 అక్టోబరులో వెనిస్ ఇసుకతీరాన పదహారువేల చదరపుటడుగుల పార్కు తెరిచారు. మా మనవడు నన్ను నిలబెట్టింది దాని అంచుననే. కరోనాకాలంలో, 2020 ఏప్రిల్‌లో, ఎవరూ ఆడకుండా అధికారులు దానిని ఇసుకతో నింపారు. ఆ మరుసటి ఏడు టోక్యోలో ఇదే ఆట తొలిసారి ఒలింపిక్ వేదికనెక్కింది!

ఇదంతా మనవడికి చెప్పాను. వాడు శ్రద్ధగా విని, "తాతయ్యా, నువ్వూ టీచరువే కదా. మీ స్కూల్లో ఎవరైనా ఇలా ఆడితే ఏం చేసేవాడివి?" అన్నాడు.

1988లో నేను కోస్తాలోని ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పేవాడిని. బడి వసారా నుండి దిగువకు సిమెంటు ఏటవాలు ఉండేది. ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు లారీ షెడ్డులో పారేసిన బేరింగులు ఏరుకొని, చెక్కకు బిగించి బండి చేశాడు. మధ్యాహ్నం వేళ దాని మీద కూర్చొని ఆ వాలున జారేవాడు. ఆ చప్పుడు నా పద్యపాఠానికి అడ్డు. బండిని లాక్కొని ఉపాధ్యాయుల గదిలో బీరువా వెనుక పెట్టాను. సంవత్సరాంతాన ఇస్తానన్నాను. వాడు మరునాటి నుండి బడికి రావడం మానలేదు, నన్ను అడగనూ లేదు. పాఠం అప్పజెప్పేటప్పుడు కూడా నా ముఖం చూసేవాడు కాదు. వేసవి సెలవుల తరువాత నాకు బదిలీ అయింది. బండి బీరువా వెనుకనే ఉండిపోయింది.

కెంటర్ కాన్యన్ బడిలో నేనుంటే గట్టు మీద మేకులు కొట్టించి ఉండేవాడినేమో. మనవడికి మాత్రం, "బండి లాక్కొనేవాడిని" అని ఉన్నమాటే చెప్పాను. వాడు కొంచెంసేపు ఆలోచించి, "తిరిగి ఇచ్చేవాడివా?" అని అడిగాడు. నేను సముద్రం వైపు తిరిగాను.

ఆ బండిని మా ప్రాంతంలో 'బేరింగుల బండి' అనేవారు. మీ ఊళ్ళలో ఏమనేవారో, ఎవరు లాక్కొన్నారో, వీలైతే వ్రాయగలరు.