కాటుక రాయి మీద రాజు బొమ్మ

మియాపూర్‌లో మెట్రో ఎక్కి అసెంబ్లీ స్టేషన్‌లో దిగితే పబ్లిక్ గార్డెన్స్ దగ్గరే. అక్కడి మ్యూజియంలో, 1930లో చేరిన ఈజిప్టు మమ్మీ ఒకటుంది. ఆరవ నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ దాన్ని వెయ్యి పౌండ్లకు కొన్నాడంటారు. రాజకుమారి అనీ, పేరు నైషు అనీ చూడవచ్చినవాళ్లకు చెబుతారు. ఆమెకు చుట్టిన అవిసెనార బట్టను నేసిందెవరని ఎవరూ అడగరు. నేనూ చాలాకాలం అడగలేదు.

ఈజిప్టు కళను పిరమిడ్లతో మొదలుపెట్టడం మనకలవాటు. అది రాజుల వైపు నుంచి చదవడం. పిరమిడ్లకు వెయ్యేళ్లకు పైగా ముందే, నైలు ఒడ్డున నఖాదా వంటిచోట్ల సామాన్యుల సమాధుల్లో కూడా చిన్న రాతిపలకలు పెట్టారు. కళ్లకు పెట్టే రంగు నూరుకునే పలకలవి, మన సానరాయి లాంటివి. వాటిని చేపలుగా, తాబేళ్లుగా, పిట్టలుగా చెక్కారు. కుమ్మరులు కుండల మీద ఎర్రరంగుతో పడవలు గీశారు. నిత్యం చూసేవే, వాడేవే.

క్రీ.పూ. 3500 ప్రాంతంలో హైరకాన్‌పొలిస్‌లోని ఒక సమాధి గోడకు ఆ పడవలే ఎక్కాయి. అయితే మూలన కొత్త బొమ్మ ఒకటి వచ్చింది: కట్టేసిన బందీలను గదతో కొట్టే మనిషి.

మరి నాలుగు వందల ఏళ్లకు నార్మర్ పలక. 1898లో అదే ఊళ్లో దొరికింది. ఎత్తు 64 సెంటీమీటర్లు. రంగు నూరే గుంట ఇంకా ఉంది గాని, దాని చుట్టూ రెండు వింతమృగాల మెడలు పెనవేసుకున్నాయి. ఒకవైపు రాజు శత్రువు జుట్టు పట్టి గద ఎత్తాడు. చెప్పులు మోసేవాడు అతని నడుము దాకా కూడా రాడు. రెండోవైపు తలలు తెగిన పది శవాలు. ఎవరెంత పొడుగో అధికారమే నిర్ణయించింది. ఆ కొలత, ఆ భంగిమ మూడువేల ఏళ్లు నిలిచాయి.

ఇదంతా పాలకుల ప్రచారమని ఒక్క మాటతో తేల్చే మిత్రులున్నారు. నేనలా అనలేను. పొలం పని నుంచి విడుదలై, రోజంతా రాయి చెక్కే తీరిక శిల్పికి దొరికింది రాజు గాదెలోని ధాన్యం వల్లనే. ఆ ధాన్యం రైతులది. చేతికి నేర్పు పెరిగింది. ఏం చెక్కాలన్నది మాత్రం చేతిలో లేకుండా పోయింది. చేపను చెక్కిన చేయి పది శవాలను చెక్కింది. అయినా ఆ గీత ఎంత నిబ్బరమైనది!

పేరు పెట్టుకున్నవాళ్లు తక్కువ. పాత రాజ్యం చివరి రోజుల్లో, అఖ్మీమ్ దగ్గర ఖేని అనే అధికారి సమాధిలో చిత్రకారుడొకడు, ఈ బొమ్మలు తానే, ఒంటరిగా వేశానని గోడ మీద రాసుకున్నాడు. అతని పేరు సెని.