మరణశాసనములు, ఆరోగ్యధర్మములు
(మధుర, కోయంబత్తూరు తెలుగువారి దానచరిత్రలో నొక ప్రకరణము)

మధురానగరమునకు ఈశాన్యమున మాట్టుతావణి యను తావు కలదు. అరవమున 'మాడు' అనగా పశువు. పూర్వము పశువుల సంత జరిగిన చోటగుటచే దానికా పేరు వచ్చినది. 1999లో నచ్చట బస్సుల నిలయము వెలసినది. సంత పోయినను పేరు నిలిచినది. పేరు నిలుచుట సులభము. పెట్టిన ధర్మము నిలుచుట కష్టము. విజయనగర సేనలతోడను, నాయకరాజుల వెంటను వచ్చి, 16వ శతాబ్ది మొదలు ఈ దక్షిణదేశమున స్థిరపడిన తెలుగువారు ఇంట తెలుగును, వీధిలో అరవమును పలుకుచు నేటివరకును మనుచున్నారు. వారు తమ తదనంతరము రోగులకును, దీనులకును ఉపకరింపవలెనని విడిచిన సొమ్మునకు ఏ కట్టుబాటులు రక్షణనిచ్చినవో విచారించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

1. శాసనములందలి దానము

ఆరోగ్యమునకై ఆస్తి నొసగుట తెలుగువారికి క్రొత్త కాదు. గుంటూరు మండలమందలి మల్కాపురము శాసనము (క్రీ.శ. 1261) ఇందులకు ప్రబలసాక్ష్యము. కాకతీయ గణపతిదేవుడు మందడమును, రుద్రమదేవి వెలగపూడిని విశ్వేశ్వర శివాచార్యున కొసగిరి. ఆయన ఆ ఆదాయమును మూడు పాళ్లుగా విభజించి, ఒకటి దేవాలయమునకును, ఒకటి మఠమందలి విద్యార్థులకును, మూడవది ప్రసూతిశాలకును, ఆరోగ్యశాలకును, విప్రసత్రమునకును ఏర్పరచెను. అరవదేశమున అంతకు సుమారు రెండువందల యేండ్లకు పూర్వమే, వీరరాజేంద్ర చోళుని కాలమున, తిరుముక్కూడలు శాసనము పదునైదు పడకలుగల వైద్యశాలను, అందలి వైద్యుని, శస్త్రచికిత్సకుని, పరిచారికలను పేర్కొన్నది.

ఈ రెండింటియందును గమనింపదగిన విశేష మొకటి కలదు. దాత రొక్కము నీయలేదు. ఏటేట పంటనిచ్చు భూమి నిచ్చెను. రాబడి దేనికి ఎంత చెల్లవలెనో శిలపై చెక్కించెను. పడకల లెక్కయు, పాళ్ల లెక్కయు రాతిపై నుండుటచేతనే ఆ దానముల సంగతి నేటికిని తెలియవచ్చుచున్నది.

2. నాయకరాజుల కాలము

మధురను 1689 మొదలు 1706 వరకు సంరక్షకురాలుగా పాలించిన రాణీ మంగమ్మ సత్రములకును, చెట్లు నాటిన బాటలకును ప్రసిద్ధికెక్కినది. మధుర రైలునిలయమున కెదుట ఆమె పేర సత్రము గలదు. అలసిన బాటసారికి నీడయు, నీరును, అన్నమును దొరకుటయే ఆనాటి ఆరోగ్యరక్షణలో మొదటి మెట్టు.

నాయకరాజ్యము 1736లో నంతరించెను. రాజు పోయిన పిదప ధర్మమును కనిపెట్టువారు కరువైరి. దేవాలయములకును, సత్రములకును, వంతెనలకును ఇచ్చిన మాన్యముల రాబడి దాతల సంకల్పమునకు విరుద్ధముగా పలుచోట్ల స్వంతమునకు వాడబడుచున్నదని చెప్పుచు, చెన్నపట్టణ ప్రభుత్వము 1817లో ఏడవ రెగ్యులేషనును చేసి, వానిని రెవిన్యూ బోర్డు పర్యవేక్షణక్రింద నుంచెను. దాత చేతి వ్రాత యున్నను, అడుగువాడు లేనిచో ధర్మము నశించునని ఆ చట్టమే ఒప్పుకొన్నట్లయినది.

3. వీలునామాకు గల అడ్డులు

ఉమ్మడి కుటుంబమున మితాక్షర న్యాయము దాతకు మరియొక అడ్డు. విభజనగాని ఆస్తిలో తన పాలును హిందువు వీలునామామూలమున వ్రాసి ఇచ్చుటకు వీలులేకుండెను. ఊపిరి విడిచిన క్షణముననే అతని హక్కు మిగిలినవారికి సంక్రమించెడిది. తండ్రి జీవించియుండగా స్వల్పభాగమును ధర్మమున కీయవచ్చును; చనిపోయిన పిదప చెల్లునట్లు వ్రాయరాదు. స్వార్జితమునకు మాత్రమే ఆ స్వేచ్ఛ యుండెను. ఈ అడ్డు 1956 నాటి హిందూ వారసత్వ చట్టముతో తొలగినది.

చెన్నపట్టణమునకు వెలుపల, అనగా మధుర, కోయంబత్తూరు మండలములలో, హిందువుల నోటిమాట వీలునామాయు చెల్లుచుండెను. 1927 జనవరి 1 మొదలు వ్రాతయు, ఇద్దరు సాక్షులును అవసరమైనవి. అంతవరకు మంచముచుట్టు చేరిన బంధువుల జ్ఞాపకమే దస్తావేజు. వారి మనస్సాక్షియే రిజిస్ట్రారు.

4. పీలమేడు: ఐదవ పాలు

ఈ న్యాయస్థితిని ఎరిగినవారికి కోయంబత్తూరు చెంతనున్న పీలమేడులో 1926లో జరిగిన కార్యముయొక్క విలువ తెలియును. పి.యస్. గోవిందస్వామి నాయుడుగారి కుమారులు నలువురు, వెంకటస్వామి నాయుడు, రంగస్వామి నాయుడు, గంగా నాయుడు, నారాయణస్వామి నాయుడుగారలు, కుటుంబపు ఆస్తిని నాలుగు పాళ్లు గాక ఐదు పాళ్లు చేసిరి. ఐదవది ధర్మమునకు. రెండులక్షల ఒక వేయి రూపాయల మూలధనముతో 'పి.యస్.జి. అండ్ సన్స్ చారిటీస్' అను ధర్మసంస్థ వెలసినది. ధర్మమును ఐదవ సోదరునిగా నెంచి పాలు పంచుటయే అది. అందరి సమ్మతితో, జీవించియున్నవారి చేతులమీదుగా జరిగిన ఏర్పాటగుటచే ఉమ్మడి ఆస్తి న్యాయము దానికి అడ్డుపడలేదు.

ఆ సంస్థ మొదట విద్యకే పేరొందినది. 1951లో ఇంజనీరింగు కళాశాలయు, 1985లో వైద్య కళాశాలయు ఏర్పడినవి. ఆస్పత్రి అటుపిమ్మట వచ్చినది. దాతలు నాటిన అరువదేండ్లకు వైద్యఫలము పండినదన్నమాట. మూలధనమును ముట్టక, రాబడిని కాలావసరములకు వినియోగించు స్వేచ్ఛ ధర్మకర్తల కుండుటయే ఇందులకు కారణము. ఆ నగరముననే లక్ష్మీ మిల్లుల స్థాపకుడు జి. కుప్పుస్వామి నాయుడుగారి జ్ఞాపకార్థము 1952లో నెలకొన్న ఆస్పత్రి, తెలుగు కుటుంబముల వస్త్రపరిశ్రమార్జనము రోగిసేవకు మరలిన తీరునకు మరియొక తార్కాణము.

5. చివరి దానము

మాట్టుతావణికి చేరువనే, మధుర అణ్ణానగరులో, 1976లో డాక్టరు గోవిందప్ప వెంకటస్వామిగారు పదునొకండు పడకలతో అరవింద్ కంటి ఆస్పత్రిని ప్రారంభించిరి. ఆయన అప్పటికి ప్రభుత్వోద్యోగమునుండి విశ్రాంతి పొందియుండిరి. అచ్చట సొమ్మీయగల రోగులు చెల్లించు రుసుమే పేదల ఉచిత చికిత్సకు ఆధారమగుచున్నది. ఇది దాత మరణమునకై వేచియుండని ధర్మము.

అయినను, ఏ రుసుముతోను కొనరాని దాన మొకటి మిగిలియున్నది: అది నేత్రదానము. మరణించిన కొన్ని గంటలలోనే కంటిని గ్రహింపవలెను. 1994 నాటి అవయవ మార్పిడి చట్టము ప్రకారము, దాత తన సమ్మతిని ఇద్దరు సాక్షుల యెదుట వ్రాసియుండవలెను. వారిలో నొకరైనను దగ్గరి బంధువు కావలెను. వీలునామాకును ఇద్దరు సాక్షులే. కాని ఒక భేదము కలదు. వీలునామాను నెలల పిదపనైనను న్యాయస్థానమున చూపవచ్చును. కంటికి ఆ గడువు లేదు. దుఃఖములో మునిగిన ఇంటివారిలో ఎవరో ఒకరు లేచి కబురంపవలెను.

శిల, రెగ్యులేషను, దస్తావేజు, మూలధనము: ఎనిమిది శతాబ్దులుగా దాతలు ఒకదానివెంట నొక కట్టుబాటును ఆశ్రయించిరి. వీనిలో ఏదియు తనంతట తాను పనిచేయలేదు. పీలమేటి సోదరులు ఐదవ పాలును కాదనియున్నచో, అడుగగల న్యాయస్థానము లేదు. కావున ధర్మము చేయదలచినవారు వ్రాతతోపాటు, ఆ సంకల్పమును ఇంటివారికి ముందుగనే తెలియజెప్పి యొప్పించుట అవసరము. దాత సంతకము దానమునకు ఆరంభము మాత్రమే. అది వారసుని చేతిలో ముగియును.