మోసగాళ్ళకు మోసగాడు – దండి కొలబద్ద

దండి తన కావ్యాదర్శంలో కవులు వర్జించవలసిన దోషాలను పదిగా లెక్కించాడు. అందులో ఒకటి ‘వ్యర్థం’. నిష్ప్రయోజనమన్న వాడుక అర్థంలో కాదు. ముందు చెప్పినదాన్ని వెనుక చెప్పినది కొట్టివేయడమన్న అర్థంలో. సినిమావారు కంటిన్యూటీ తప్పిందంటారే, అది ఇదే. ఆ పట్టికలో చిట్టచివరిది దేశకాలాదుల విరోధం. మంచుకొండల్లో కొబ్బరితోటలు పెంచడం వంటిదన్నమాట.

తెలుగు పండితుడిగా ముప్పైయేళ్ళకు పైగా పిల్లల వ్యాసాలను ఎర్రసిరాతో దిద్దినవాణ్ణి; అలవాటు ఊరుకోనివ్వదు. 1971 ఆగస్టు 27న విడుదలైన ‘మోసగాళ్ళకు మోసగాడు’ను ఈ కొలబద్దతో ఒకసారి కొలుస్తాను. పద్మాలయా వారి చిత్రం. దర్శకుడు కె.ఎస్.ఆర్.దాస్, కథానాయకుడు కృష్ణ, రచన ఆరుద్ర. తెలుగువారి తొలి కౌబాయి చిత్రంగా పేరుపడినది. కృష్ణ కన్నుమూసిన మరుసటి ఏడు, 2023 మే 31న, ఆయన జయంతినాడు మళ్ళీ థియేటర్లకు వస్తే అభిమానులు పండుగ చేసుకున్నారు. కనుక నా ఎర్రసిరా వలన దానికి కలిగే హాని ఏమీ లేదు.

ముందు దేశం. పాత్రల పేర్లు తెలుగు, మాట తెలుగు. టోపీ, బూట్లు, నడుము పట్టీ అమెరికా. కాలికింది ఇసుక రాజస్థానం. ఆ ఇసుక ఒకచోట, సిమ్లా వైపు మంచుకొండలు మరొకచోట, రెండూ ఒకే కథలో. రౌతు మారడు, భూగోళం మారుతుంది. ఇది దేశవిరోధం మాత్రమే కాదు, వ్యర్థం కూడాను. అన్నట్టు, కౌబాయి అంటే నిఘంటువు ప్రకారం పసులకాపరి. మా చిత్తూరు సీమ సొంత గొడ్డు పుంగనూరు ఆవు; నిలబడితే మనిషి నడుము దాటదు. దాన్ని మళ్ళించడానికి గుర్రమెక్కవలసిన అగత్యం ఏ కాపరికీ కలుగదు.

అయితే ఈ దోషం వంశపారంపర్యం. మూలప్రేరణల్లో ముఖ్యమైన ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’ (1966) ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనీ స్పెయిన్ నేల మీద తీసిన అమెరికా కథ. అందులో దొంగను అప్పగించి బహుమతి పుచ్చుకోవడం, ఉరి బిగిసేలోగా దూరం నుంచి తాడును తూటాతో తెంపడం, మరో ఊళ్ళో మళ్ళీ అదే బేరం! ఒక ఊరి కబురు ఇంకో ఊరికి చేరదు. ఆ జోడీ నీడ మన కృష్ణ, నాగభూషణం పాత్రల మీద స్పష్టంగా పడింది. ఇతివృత్తం 1860ల అంతర్యుద్ధకాలమైనా, రివాల్వర్లలో మాత్రం అప్పటికి వాటికి లేని లోహపు తూటాలు దూరుస్తారు.

కాలవిరోధం మన చిత్రంలో మరీ రసవత్తరం. సంస్థానపు నిధి, దాని మీద తెల్లదొరల కన్ను – ఇది కుంపిణీనాటి కథాబీజం. కుంపిణీ పాలన 1858లో ముగిసింది. నడుము చుట్టూ తూటాల పట్టీ కట్టాలంటే లోహపు తూటా వాడుకలోకి రావాలి. కౌబాయి చేతిలో లోకమెరిగిన కోల్ట్ రివాల్వరు 1873 నాటిది. ఇక 1878 ఆయుధాల చట్టం వచ్చాక లైసెన్సు లేనిదే భారతీయుడు తుపాకి పట్టరాదు. దొరలకు మాత్రం మినహాయింపు. అనగా మన ఆంధ్ర కౌబాయి ఆ పట్టీతో నిర్భయంగా తిరగగలిగిన కాలం మొత్తం ఐదేళ్ళు. అప్పటికి కుంపిణీ లేదు.

ఇక్కడే నాకు మనసు చివుక్కుమంటుంది. 1801లో ఆర్కాటు నవాబు సీమ కుంపిణీ వశమైంది. పాళెగాళ్ళ కావలి హక్కులకూ ఆయుధాలకూ ముప్పు వచ్చింది. కొద్ది ఏళ్ళలోనే మా పడమటి పాళెములు – కల్లూరు, పులిచెర్ల, మొగరాల, బంగారి మొదలైనవి – తిరగబడితే కుంపిణీ సైన్యం వచ్చి అణచవలసి వచ్చింది. కొండ కనుమలు, ముళ్ళపొదలు, ఒత్తితో నిప్పంటించి పేల్చే జామగి తుపాకులు, వాటిని మోసే కాల్బలం: ఒక కథకు కావలసిన సామగ్రి అంతా ఉంది. నా తరగతిలో క్లింట్ ఈస్ట్‌వుడ్‌ను అనుకరించి నడిచే పిల్లలుండేవారు. పులిచెర్ల నుంచి వచ్చి చదువుకున్న పిల్లవాడికి పులిచెర్ల పాళెగాడంటే ఎవరో తెలియదు.

ఆరుద్రకు ఇవి తెలియవనుకోలేము. సమగ్ర ఆంధ్ర సాహిత్యాన్ని రాజవంశాల వారీగా, యుగాల వారీగా సంపుటాలుగా రచించిన మనిషి! చరిత్రలో కాలం తప్పనివాడు సినిమాలో తెలిసే తప్పాడు. ఆడిన సినిమాను బట్టి, ఆయన లెక్క తప్పలేదు కూడా. విరోధం కూడా కవికౌశలం వలన ఒక్కొక్కప్పుడు గుణమవుతుందని దండే మినహాయింపు ఇచ్చాడు. టోపీకి, గుర్రానికి నేను ఆ మినహాయింపు ఇస్తాను. తూటాల పట్టీకి సగం మార్కులు. ఇసుకకు మాత్రం ఇవ్వను. పెన్న కోసిన గండికోట లోయ, దాని అంచున కోట, ఆ ఎర్రరాతి గోడలు మనకు ఉండగా బికనీరు దాకా వెళ్ళారు.