రాసినవారిదే హక్కు: కాపీరైట్ నమోదు విధానం

ధర్మపురి జిల్లా తెలుగు ఇండ్లలో పాటల నోటుపుస్తకాలు, కూత్తు కథల రాతప్రతులు పెట్టెల అడుగున మిగిలిపోవడం కొత్త కాదు. ఎవరో వచ్చి అచ్చు వేయిస్తామని తీసుకొనిపోయిన తరువాతనే, హక్కు ఎవరిదన్న ప్రశ్న పుడుతుంది.

1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, సొంత రచన కాగితం మీదికి వచ్చినప్పుడే హక్కు రచయితకు సంక్రమిస్తుంది. నమోదు తప్పనిసరి కాదు. అయితే వివాదం కోర్టుకెక్కితే నమోదు పత్రం ప్రాథమిక సాక్ష్యంగా నిలుస్తుంది. రాతప్రతిని మూసిన కవరులో తనకు తానే తపాలాలో పంపుకొంటే చాలునని కొందరి నమ్మకం. దానికి చట్టంలో చోటు లేదు.

ఈ హక్కు రచయిత జీవితకాలమంతా, మరణించిన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏండ్లు ఉంటుంది. హోసూరు చెంత తొరపల్లిలో పుట్టిన రాజాజీ 1972లో కన్నుమూశారు. ఆయన రచనల మీది హక్కు 2032 చివరి వరకు చెల్లుతుంది. తాతగారి జీవితకాలంలోనే అచ్చయిన పద్యాలకూ ఇదే లెక్క.

నమోదు కార్యాలయం ఢిల్లీలో ఉన్నది. అక్కడికి పోనక్కరలేదు, ఆన్‌లైన్‌లోనే 14వ నమూనా అర్జీ నింపవచ్చు. సాహిత్య రచనకు రుసుము 500 రూపాయలు. ఒక్కొక్క రచనకు ఒక్కొక్క అర్జీ. రచయిత పేరు, రచన భాష, అచ్చయినదీ కానిదీ తెలుపవలెను. అచ్చు కాని రచననూ నమోదు చేస్తారు. రచయిత మరణించి ఉంటే, హక్కు తమకెట్లు వచ్చినదో వారసులు చూపవలసి ఉంటుంది. డైరీ నంబరు వచ్చిన తరువాత ఆక్షేపణల కొరకు 30 దినాలు వేచి ఉంటారు. ఎవరైనా ఆక్షేపిస్తే ఇరుపక్షాలనూ విచారిస్తారు. పత్రం చేతికందడానికి నెలలు పట్టవచ్చు.

పేరుకు, ఊహకు కాపీరైట్ లేదు. పెద్దల నోటి జానపదగీతం కూడా ఏ ఒక్కరి సొత్తూ కాదు. వాటిని ఏరి, కూర్చి, వ్యాఖ్య రాసినవారికి ఆ కూర్పు మీద, వ్యాఖ్య మీద మాత్రమే హక్కు.

నమోదుకన్న ముఖ్యమైనది సంతకం. హక్కు బదిలీ రాతపూర్వకంగానే జరుగవలెను. నోటిమాట చెల్లదు. గడువు రాయకుంటే 5 ఏండ్లని, ప్రాంతం రాయకుంటే భారతదేశమంతా అని చట్టం భావిస్తుంది. తమిళ అనువాద హక్కు కూడా రచయితదే. ప్రచురణకర్త ఇచ్చిన ఒప్పందంలో అది కలిసిపోయినదేమో చూచుకొనక సంతకం చేయరాదు.

ఎవరైనా అనుమతి లేక అచ్చు వేసుకొంటే వారి ఊరికి పోయి పోరాడనక్కరలేదు. హక్కుదారు తాను నివసించే జిల్లా కోర్టులోనే, అంటే ధర్మపురిలోనే, దావా వేయవచ్చు.