కొలిమికి కవల: డిజిటల్ ట్విన్ పుట్టుపూర్వోత్తరాలు

భిలాయి ఉక్కు కర్మాగారంలో ఎనిమిదో బ్లాస్ట్ ఫర్నేస్ పేరు మహామాయ. 2018 ఫిబ్రవరి 2న నిప్పు అందుకున్న ఈ కొలిమి లోపలి పరిమాణం 4,060 ఘనపు మీటర్లు. పైనుంచి వేసిన ఖనిజం, కోక్ అడుగుకు దిగడానికి ఆరేడు గంటలు పడుతుంది. కింద ఊదిన వేడిగాలి కొన్ని సెకన్లలోనే కొలిమి వాయువుగా మారి పైకొచ్చేస్తుంది. ఈ రెండూ ఎదురెదురుగా సాగే చోట ఏం జరుగుతోందో చూసిన కన్ను లేదు. వేడిగాలి ఊదే గొట్టం, అంటే ట్యూయర్ దగ్గరి రంగుటద్దంలో కనిపించేది రెండు వేల డిగ్రీలు దాటిన మంటలో ఒక ముక్క మాత్రమే. మిగతాదంతా లెక్క మీద నడవాల్సిందే. ఆ లెక్కను కొలిమితోపాటు క్షణక్షణం మారే ప్రతిరూపంగా కంప్యూటర్‌లో నిలబెడితే అదే డిజిటల్ ట్విన్.

ఈ ఆలోచనకు మూలం అంతరిక్షంలో ఉందంటారు. 1970 ఏప్రిల్‌లో అపోలో 13 ఆక్సిజన్ ట్యాంకు పేలినప్పుడు, నాసా ఇంజనీర్లు నేల మీది సిమ్యులేటర్లలో అదే పరిస్థితిని కల్పించుకుని వ్యోమగాములకు దారి చూపారు. 1991లో డేవిడ్ గెలర్నటర్ ‘మిర్రర్ వరల్డ్స్’ పుస్తకంలో లోకానికి అద్దం పట్టే సాఫ్ట్‌వేర్‌ను ఊహించాడు. 2002లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో మైకేల్ గ్రీవ్స్ దీనికి ఒక రూపం ఇచ్చాడు: అసలు వస్తువు, దాని ప్రతిరూపం, రెండింటి మధ్య అటూ ఇటూ పారే సమాచారం. పేరు స్థిరపడింది మాత్రం 2010 నాటి నాసా పత్రాలతో.

అయితే ఉక్కువాళ్లు ఈ పేరు పుట్టకముందే ఆ పనిలో ఉన్నారు. భిలాయి కర్మాగారం కోసం 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ దాని తొలి ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆనాడు కొలిమి నాడి తెలిసేది మనిషి కంటికే. స్లాగ్ నల్లబడితే కొలిమి చల్లబడిందని, కారే ఇనుములో రవ్వలు ఎగిరే తీరును బట్టి సిలికాన్ ఇంత ఉండొచ్చని ఫోర్‌మన్లు చెప్పేవారు.  అప్పట్లో అనుభవమే అందరికీ పరికరం.

ఆ అనుభవం స్థానంలో లెక్కను నిలబెట్టే ప్రయత్నంగా 1967లో జపాన్‌లోని నగోయాలో ఇవావో ముచి కొలిమిని పైనుంచి కిందికి సమీకరణాల్లో రాశాడు. ఇంచుమించు ఆ కాలంలోనే జపాన్ కంపెనీలు మరో సాహసం చేశాయి. మూసేయబోయే కొలిములను ఉన్నపళంగా ఆర్పి, చల్లార్చి, పొరపొరగా విప్పి చూశాయి. హిరోహాతా కొలిమిని అలా విప్పితే ఖనిజం, కోక్ పొరలు కలిసిపోకుండా చాలా లోతుదాకా దిగుతున్నాయని, ఖనిజం మెత్తబడి ముద్దకట్టే మండలం ఒకటుందని బయటపడింది. అంతవరకు నమ్మిన లెక్కలు కొన్నింటిని తిరగరాయాల్సి వచ్చింది.

నడుస్తున్న కొలిమిని అలా విప్పి చూడలేం గనక నేటి పరిశోధకుల చిక్కులు అక్కడి నుంచే మొదలవుతాయి. గోడ ఇటుకల్లో పొదిగిన, ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్ ఒక్కసారిగా వేడి చూపిస్తే దానికి రెండు కారణాలు ఉండొచ్చు. ఇటుక అరిగి ఉండాలి, లేదా గోడకు అంటుకుని కాపాడుతున్న గడ్డకట్టిన పొర ఊడి ఉండాలి. అంకె ఒకటే, చేయాల్సిన పని వేరు. ఒక్కో గులకను లెక్కగట్టే మోడల్ నమ్మదగినదే కానీ కొలిమి వేగాన్ని అందుకోలేదు. పాత రికార్డుల నుంచి నేర్చుకున్న మోడల్ చురుకైనదే, కానీ దల్లీ రాజ్‌హరా గనుల ఖనిజం తరిగి రావ్‌ఘాట్ గనుల ఖనిజం వచ్చినప్పుడు దానికి ఆ కొత్త సరుకు తెలియదు.

కొలిమి ఒక్కదానికే కవల ఉంటే సరిపోదు కూడా. 2014 జూన్ 12న భిలాయిలో నీటి పంపుల వ్యవస్థలో ఒత్తిడి పడిపోయి, కొలిమి వాయువు లీకై ఆరుగురు చనిపోయారు. నీరు, వాయువు, మనుషులు ఉన్న చోటు, ఈ మూడింటినీ ఒకే చిత్రంలో చూడగలిగిన కవలే ప్రాణాలకు అక్కరకొస్తుంది.

డిజిటల్ ట్విన్‌లపై 2023లో అమెరికా జాతీయ అకాడమీల నివేదిక మరో మాట నొక్కి చెప్పింది: ప్రతిరూపం చెప్పేది ఎంతవరకు నిజమో పరీక్షించడం, దాని అనిశ్చితిని అంకెల్లో చెప్పడం ప్రధాన సవాలు. కొలిమికి ఆ పరీక్ష ఎప్పుడో గాని రాదు. లోపలి ఇటుకలు మార్చడానికి కొలిమిని ఆపినప్పుడు, ఏ ఇటుక ఎంత అరిగిందో స్కేలు పెట్టి కొలిచే అవకాశం వస్తుంది. ఆ కొలతలు కాంట్రాక్టరు బిల్లు ఫైల్లో పడిపోకూడదు. కవల ముందే చెప్పిన అంకెల పక్కన వాటిని పెట్టి చూడాలి. ఆ ఫలితాన్ని భిలాయి, విశాఖ, రూర్కెలా ఉక్కు కర్మాగారాల ఇంజనీర్లు పంచుకోవాలి. ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఎవరైనా కొనుక్కోవచ్చు, ఈ కొలతలు మాత్రం మన కొలిములే ఇవ్వగలవు.