ఒక పాదిరి, ఒక పంతులు, ఒక గిటారు



క్రిస్మస్ దినాలలో ప్రపంచమంతటా వినవచ్చే ‘సైలెంట్ నైట్’ పాటకు ఆర్గన్ గంభీరనాదమో, వయొలిన్ల సమూహమో తోడుగా ఉండడం మనకు అలవాటు. మన తెలుగు క్రైస్తవ మందిరాలలోనూ తెలుగు మాటలతో దీనిని పాడుతారు. అయితే ఈ పాట పుట్టినది ఒక గిటారు కోసం. జర్మన్ భాషలో దీని అసలు పేరు ‘స్టిల్లె నాఖ్ట్’. దీని పుట్టుకను గురించి లోకం నోట ఒక కథ ఉన్నది, కాగితం మీద మరొక కథ ఉన్నది.

లోకం చెప్పే కథ ఇది. ఆస్ట్రియా దేశంలో, సాల్జ్‌బుర్గ్ సమీపాన ఉన్న ఓబెర్న్‌డోర్ఫ్ గ్రామపు చర్చిలో ఎలుకలు ఆర్గన్ తిత్తులను కొరికివేశాయట. పండుగ నాటికి వాద్యం మూగపోగా, గత్యంతరం లేక గిటారు పట్టుకున్నారట. వినడానికి ముచ్చటైన కథే. కాని స్వరకర్త ఫ్రాంజ్ గ్రూబర్ 1854 డిసెంబరు 30న స్వహస్తంతో వ్రాసిన వివరణలో ఎలుకల ఊసే లేదు. 1818 డిసెంబరు 24న సహాయ పాదిరి యోసెఫ్ మోర్ తన చేతికి ఒక గేయం ఇచ్చి, రెండు గొంతులకు, బృందగానానికి, గిటారు తోడుకు తగిన వరుస కట్టమని కోరినట్లు మాత్రమే అందులో ఉన్నది. అనగా గిటారు విధిలేక వచ్చినదని చెప్పడానికి ఈ వ్రాతలో ఆధారం లేదు. కవి కోరి పిలిచిన వాద్యమే అది. ఆ రాత్రి మోర్ పై గొంతుతో పాడుతూ గిటారు మీటగా, గ్రూబర్ మంద్రస్వరంతో జత కలిపాడు.

గ్రూబర్ పొరుగున ఉన్న ఆర్న్స్‌డోర్ఫ్‌లో బడిపంతులు. ఓబెర్న్‌డోర్ఫ్‌లో ఆర్గన్ వాయించేవాడు. నేత పనివాని కొడుకు. మోర్ 1792లో సాల్జ్‌బుర్గ్‌లో పుట్టాడు. తండ్రి సైన్యం విడిచి పారిపోయిన సిపాయి. తల్లి అల్లికపని చేసుకుని బ్రతికిన అవివాహిత. ఆ గేయాన్ని అతడు 1816లోనే మారియాప్‌ఫార్‌లో వ్రాసి ఉంచుకున్నాడు. అది ఎటువంటి సంవత్సరం? నెపోలియన్ యుద్ధాలు ముగిసినా వాటి గాయాలు మానలేదు. 1815లో సుంబావా దీవిలో తంబోరా అగ్నిపర్వతం బ్రద్దలైన ఫలితంగా 1816లో ఐరోపాకు వేసవియే రాలేదు, పంటలు పోయాయి. సాల్జ్‌బుర్గ్ ఆ ఏడే ఆస్ట్రియా ఏలుబడిలోకి వచ్చింది. సాల్జాఖ్ నది సరిహద్దు కావడంతో, ఓబెర్న్‌డోర్ఫ్ అవతలి ఒడ్డున ఉన్న లౌఫెన్ పట్టణం నుండి విడిపోయింది. మోర్ వ్రాసిన ఆరు చరణాలలో నేడు సాధారణంగా పాడేవి మూడే. పాడని నాలుగవ చరణంలో లోకంలోని జాతులన్నింటినీ సోదరభావంతో అక్కున చేర్చుకోవడం గురించిన భావం ఉన్నది. ఆ కాలాన్ని ఎరిగి చదివితే ఆ ప్రశాంతత ఉత్త అలంకారం కాదనిపిస్తుంది.

ఉద్యోగ విరమణ అనంతరం మా మనుమడి గిటారు మీద దీనిని అభ్యసించాను. మన పరిభాషలో చెప్పాలంటే స్వరాలు శంకరాభరణానివి, నడక తిశ్రం. పంచమాన మొదలై, ధైవతాన్ని తాకి, గాంధారానికి దిగుతుంది. జోల పాడే తల్లి చేయి ఊయలను ఒక్కసారి ఊపి వదిలినట్లుంటుంది. డి, జి, ఏ సెవెన్ అనే మూడు కార్డులు చాలు. బొటనవ్రేలు మంద్రతంత్రిని మీటగా, తక్కిన వ్రేళ్ళు పై తంత్రులను ఒకటొకటిగా పలికించాలి. కష్టం ఎడమచేతిది కాదు, కుడిచేతిది: తొందరపడకుండా ఉండడం. బలంగా మీటితే పాట పోతుంది. చివర తారస్థాయి మధ్యమం వరకు ఎక్కే చోట కూడా వాద్యం ఒదిగియుండాలి. మోర్ గిటారును ఎందుకు కోరాడో నా వ్రేళ్ళకు అప్పుడు తెలిసినట్లనిపించింది: గిటారు గొంతును కప్పివేయదు.

ఆర్గన్లు చేసే కార్ల్ మౌరాఖర్ ద్వారా ఈ పాట టిరోల్ ప్రాంతానికి చేరింది. అక్కడి గాయక కుటుంబాలు దానిని దేశాలు దాటించాయి. 1839లో రైనర్ కుటుంబం న్యూయార్కులో పాడింది. ఇంతలో కర్తల పేర్లు మరుగునపడ్డాయి. ఇది మైకేల్ హైడ్న్ కృతి కాదా అని బెర్లిన్ ఆస్థాన సంగీతశాల వారు సాల్జ్‌బుర్గ్‌కు వ్రాసి అడిగితేనే గ్రూబర్ ఆ వివరణ వ్రాశాడు. అప్పటికి మోర్ లేడు. 1848లో వాగ్రైన్ గ్రామంలో పేదవానిగానే కన్నుమూశాడు.

1995లో మోర్ చేవ్రాలు ప్రతి ఒకటి బయటపడింది. అందులో గేయం 1816 నాటిదని ఉన్నది. వరుస గ్రూబర్‌దని స్పష్టంగా వ్రాసి ఉన్నది. గ్రూబర్ తన వివరణలో మాటలు మోర్‌వని చెప్పాడు. ఒకరి వ్రాత ఒకరు చూసుకుని వ్రాసినవి కావు ఇవి. ఇద్దరూ పేదింటి బిడ్డలే. కీర్తి పంపకం వచ్చినప్పుడు ఎవరికి వారు రెండవవాని వాటాను భద్రంగా దాచిపెట్టారు. గ్రంథచౌర్యాలను, కర్తృత్వ వివాదాలను ఎన్నింటినో చదివిన తెలుగు పండితునికి ఇంతకన్న తృప్తినిచ్చే సాక్ష్యం ఏముంటుంది?

వాగర్థాల వలె కలిసిన ఆ ఇద్దరి పేర్లనూ, ఈ పాట విన్నప్పుడు ఒక్కసారి తలచుకోండి. వీలైతే గిటారు తోడుగా వినండి.

స్వస్తి.