అంబటి రాయుడు

అంబటి తిరుపతి రాయుడు (జననం: 1985 సెప్టెంబరు 23) భారతదేశానికి చెందిన మాజీ క్రికెట్ క్రీడాకారుడు. కుడిచేతి వాటం బ్యాట్స్‌మన్. అవసరమైనప్పుడు వికెట్ కీపింగు, ఆఫ్‌స్పిన్ బౌలింగు కూడా చేసేవాడు. దేశవాళీ పోటీలలో హైదరాబాదు, ఆంధ్ర, బరోడా, విదర్భ జట్లకు ప్రాతినిధ్యం వహించినాడు. 17 ఏళ్ళ వయసులో భారత జట్టుకు కాబోయే ఆటగాడిగా పేరు పొందిన రాయుడు అంతర్జాతీయ వన్డే రంగప్రవేశం చేసినది 27 ఏళ్ళ వయసులో. నడుమ గడిచిన పదేళ్ళలో అతని ఆటకంటే వివాదాలే ఎక్కువగా వార్తలలో నిలిచినాయి. 55 వన్డేలలో 47.05 సగటు సాధించిననూ ఒక్క ప్రపంచ కప్ మ్యాచ్ కూడా, ఒక్క టెస్టు కూడా ఆడకుండానే నిష్క్రమించినాడు.

బాల్యం, తొలి రోజులు

రాయుడు గుంటూరులో జన్మించినాడు. తండ్రి సాంబశివరావు ప్రభుత్వ పురాభిలేఖ శాఖలో ఉద్యోగి. కుమారుడు మూడవ తరగతిలో ఉండగా, 1992లో, ఆయనే హైదరాబాదు మాజీ ఆటగాడు విజయ్ పాల్ నిర్వహించే శిక్షణ శిబిరంలో చేర్పించినాడు. తరువాత అండర్-16, అండర్-19 జట్ల మీదుగా వేగంగా ఎదిగి 2002 జనవరిలో, 16 ఏళ్ళ వయసులోనే, హైదరాబాదు తరఫున రంజీ ట్రోఫీలో ప్రవేశించినాడు.

ఆ సమయం కూడా గమనించదగినది. 2000 డిసెంబరులో మహమ్మద్ అజహరుద్దీన్‌పై నిషేధం పడినది. (ఆ నిషేధం చెల్లదని ఆంధ్ర ప్రదేశ్ హైకోర్టు 2012లో తీర్పు చెప్పినది.) వి.వి.యస్.లక్ష్మణ్ భారత జట్టుతో తిరుగుతూ సొంత జట్టుకు ఎక్కువగా అందుబాటులో ఉండేవాడు కాదు. మణికట్టు ఆటకు పేరుపడిన హైదరాబాదు తరువాతి వారసుని కోసం ఎదురుచూస్తున్న రోజులవి.

2002లో భారత అండర్-19 జట్టు ఇంగ్లాండులో పర్యటించినప్పుడు టాంటన్‌లో జరిగిన వన్డేలో రాయుడు 114 బంతులలో 177 పరుగులు చేసి నాటౌటుగా నిలిచినాడు. 305 పరుగుల లక్ష్యాన్ని భారత్ ఒకే ఒక్క వికెట్ తేడాతో చేరుకున్నది. అదే సంవత్సరం ఆంధ్ర జట్టుపై జరిగిన రంజీ మ్యాచ్ మొదటి ఇన్నింగ్సులో 210, రెండవ ఇన్నింగ్సులో 159 (నాటౌట్) పరుగులు సాధించినాడు. ఒకే మ్యాచ్‌లో డబుల్ సెంచరీ, సెంచరీ చేయడం అనుభవజ్ఞులకే అరుదు. అతనికి అప్పుడు 17 ఏళ్ళు. ఆ సీజన్‌లో 69.80 సగటుతో 698 పరుగులు చేసినాడు. ఆ 210 పరుగులే అతని ఫస్ట్‌క్లాస్ జీవితపు అత్యధిక స్కోరుగా మిగిలినది.

2004లో బంగ్లాదేశ్‌లో జరిగిన అండర్-19 ప్రపంచ కప్‌లో భారత జట్టుకు నాయకత్వం వహించినాడు. శిఖర్ ధావన్, సురేశ్ రైనా, దినేశ్ కార్తీక్, రాబిన్ ఉతప్ప, ఆర్.పి.సింగ్ ఆ జట్టులోని సభ్యులు. ఓవర్లు మరీ నెమ్మదిగా వేయించినందుకు మ్యాచ్ రెఫరీ నిషేధం విధించగా సెమీఫైనల్‌కు రాయుడు దూరమైనాడు. ఆ మ్యాచ్‌లో భారత్ పాకిస్తాన్ చేతిలో ఓడినది. పై అయిదుగురూ రాయుడు కంటే ఎన్నో ఏళ్ళ ముందే భారత జట్టులోకి వెళ్ళినారు.

వివాదాల ఆరంభం

2004-05 రంజీ సీజన్‌లో రాయుడు ఆట పూర్తిగా గాడి తప్పినది. సగటు 12 పరుగులు కూడా దాటలేదు. జట్టు శిక్షకునితో విభేదాలు వచ్చి మరుసటి సీజన్‌కు సొంత జట్టును వదలి ఆంధ్ర జట్టులో చేరినాడు. ఆ సీజన్‌లోనే అనంతపురంలో ఆంధ్ర, హైదరాబాదు జట్ల మధ్య జరిగిన రంజీ మ్యాచ్‌లో రాయుడికీ, హైదరాబాదు ఆటగాడు అర్జున్ యాదవ్‌కూ మైదానంలోనే ఘర్షణ జరిగినది. అర్జున్ యాదవ్ భారత మాజీ ఆఫ్‌స్పిన్నర్ శివలాల్ యాదవ్ కుమారుడు. శివలాల్ యాదవ్ హైదరాబాదు క్రికెట్ సంఘంలో ప్రముఖ నిర్వాహకుడు కావడంతో ఈ సంఘటన ఇద్దరు కుర్రవాళ్ళ తగాదాగా ముగిసిపోక చాలా కాలం చర్చలో నిలిచినది. రాయుడు మరుసటి సీజన్‌లో తిరిగి హైదరాబాదు జట్టుకే వచ్చినాడు.

ఇక్కడ ఒక మాట చెప్పవలసి ఉన్నది. రాయుడు ముక్కోపి అనేది అందరూ అంగీకరించే విషయమే. కాని ఇరవై ఏళ్ళు నిండని ఆటగాడు ఒక రాష్ట్ర సంఘాన్ని కాదనుకుంటే వెళ్ళడానికి అప్పట్లో వేరే దారులు లేవు. జాతీయ జట్టుకు మార్గం రాష్ట్ర సంఘం గుండానే సాగేది. సంఘంతో చెడినవానికి మిగిలేది మరొక రాష్ట్రానికి వలస వెళ్ళడమే.

ఇండియన్ క్రికెట్ లీగ్

2007లో జీ సంస్థ అధిపతి సుభాష్ చంద్ర ఇండియన్ క్రికెట్ లీగ్ (ఐ.సి.ఎల్.) ను స్థాపించినాడు. భారత క్రికెట్ నియంత్రణ మండలి (బి.సి.సి.ఐ.) దానిని గుర్తించలేదు. అందులో చేరినవారు దేశవాళీ పోటీలకూ, జాతీయ జట్టుకూ అనర్హులని ప్రకటించినది. చేరిన భారతీయులలో ఎక్కువమంది కెరీర్ చివరి దశలో ఉన్నవారు, లేదా జాతీయ జట్టుపై ఆశ వదులుకున్నవారు. 21 ఏళ్ళ రాయుడు చేరడమే అందరినీ ఆశ్చర్యపరచినది. లీగ్‌లో అతడు హైదరాబాదు హీరోస్ జట్టుకు ఆడినాడు. ఈ జట్టు సొంత మైదానం ఫతే మైదాన్‌లోని లాల్ బహదూర్ స్టేడియం. (దీనికీ నగరానికి తూర్పున ఉన్న ఎల్.బి.నగర్‌కూ పేరు ఒకటే కాని రెండూ వేర్వేరు ప్రాంతాలు.) హైదరాబాదు క్రికెట్ సంఘానికి చెందిన ఉప్పల్ స్టేడియంలో ఐ.సి.ఎల్. ఆటగాళ్ళకు చోటు లేదు. 2008లో హైదరాబాదు హీరోస్ లాహోర్ బాద్షాస్‌ను ఓడించి విజేతగా నిలిచినది.

అయితే 2008 ఏప్రిల్‌లో బి.సి.సి.ఐ. స్వయంగా ఇండియన్ ప్రీమియర్ లీగ్ (ఐ.పి.ఎల్.) ను ప్రారంభించడంతో ఐ.సి.ఎల్. ప్రాభవం తగ్గినది. హైదరాబాదుకు డెక్కన్ ఛార్జర్స్ జట్టు వచ్చినది, 2009లో ఆ జట్టు ఐ.పి.ఎల్. విజేత కూడా అయినది. హైదరాబాదు ఆటగాడైన రాయుడు ఆ రెండు సీజన్లకూ బయటే ఉండిపోయినాడు. 2009లో ఐ.సి.ఎల్.తో తెగతెంపులు చేసుకున్న 79 మంది భారతీయ ఆటగాళ్ళకు బి.సి.సి.ఐ. క్షమాభిక్ష ప్రకటించినది. వారిలో రాయుడు ఒకడు.

పునరాగమనం

క్షమాభిక్ష తరువాత ఒక సీజన్ హైదరాబాదుకు ఆడి, 2010-11లో బరోడా జట్టులో చేరినాడు. ఆ సీజన్ రంజీలో 56.60 సగటుతో 566 పరుగులు చేసినాడు. 2010లో ముంబాయి ఇండియన్స్ జట్టు ఐ.పి.ఎల్.లోకి తీసుకున్నది. 2011లో కోల్‌కత ఈడెన్ గార్డెన్స్‌లో నైట్ రైడర్స్‌పై చివరి ఓవర్లో 21 పరుగులు కావలసి ఉండగా, జేమ్స్ ఫ్రాంక్లిన్ నాలుగు ఫోర్లు కొట్టినాడు. ఆఖరి బంతిని రాయుడు సిక్సర్‌గా మలచి మ్యాచ్ గెలిపించినాడు. కోపం మాత్రం తగ్గలేదు. 2012లో బెంగుళూరు బౌలర్ హర్షల్ పటేల్‌తో వాగ్వాదానికి దిగి మ్యాచ్ ఫీజు మొత్తం జరిమానాగా చెల్లించినాడు.

2013 జూలై 24న హరారేలో జింబాబ్వేపై తొలి వన్డే ఆడి 63 పరుగులతో నాటౌటుగా నిలిచినాడు. విరాట్ కోహ్లితో కలిసి 159 పరుగులు జోడించినాడు. 2014 నవంబరులో అహ్మదాబాదులో శ్రీలంకపై 121 (నాటౌట్), 2015 జూలైలో హరారేలో 124 (నాటౌట్) చేసినాడు. 2015 ప్రపంచ కప్ జట్టులో స్థానం లభించిననూ తుది పదకొండు మందిలో ఒక్కసారి కూడా అవకాశం రాలేదు.

2017లో హైదరాబాదులో కారు నడుపుతూ ఒక వృద్ధునితో రోడ్డుపై గొడవపడిన దృశ్యాలు టెలివిజన్ ఛానెళ్ళలో ప్రసారమైనాయి. 2018 జనవరి 11న విజయవాడ సమీపంలోని మూలపాడులో సయ్యద్ ముస్తాక్ అలీ ట్రోఫీ మ్యాచ్ మరొక వివాదానికి కారణమైనది. హైదరాబాదు ఫీల్డర్ బౌండరీ తాడును తాకుతూ బంతిని ఆపినందున కర్ణాటక స్కోరుకు తరువాత రెండు పరుగులు కలిపి 203ను 205గా మార్చినారు. హైదరాబాదు సరిగ్గా 203 పరుగుల వద్ద ఆగిపోయినది. అప్పటి కెప్టెన్ రాయుడు సూపర్ ఓవర్ ఆడించాలని పట్టుబట్టి జట్టుతో మైదానంలోనే నిలబడినాడు. తరువాత జరగవలసిన ఆంధ్ర, కేరళ మ్యాచ్‌ను 13 ఓవర్లకు కుదించవలసి వచ్చినది. బి.సి.సి.ఐ. అతనిపై రెండు మ్యాచ్‌ల నిషేధం విధించినది.

నాలుగో స్థానం, 2019 ప్రపంచ కప్

2018 ఐ.పి.ఎల్.లో చెన్నై సూపర్ కింగ్స్ తరఫున 602 పరుగులు చేసి భారత జట్టులోకి తిరిగి ఎంపికైనాడు. కాని దేహదారుఢ్యాన్ని కొలిచే యో-యో పరీక్షలో అప్పటి కనీస ప్రమాణమైన 16.1ని అందుకోలేక ఇంగ్లాండు పర్యటన కోల్పోయినాడు. సెప్టెంబరులో ఆసియా కప్‌కు తిరిగి వచ్చినాడు. అక్టోబరులో ముంబాయి బ్రబోర్న్ స్టేడియంలో వెస్టిండీస్‌పై 100 పరుగులు చేసినాడు. భారత జట్టు చాలా కాలంగా వెతుకుతున్న నాలుగో స్థానపు బ్యాట్స్‌మన్ దొరికినాడని కెప్టెన్ కోహ్లి బహిరంగంగానే సంతృప్తి వ్యక్తపరచినాడు. వన్డేలపై దృష్టి పెట్టడానికి రాయుడు నవంబరులో ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌కు స్వస్తి చెప్పినాడు.

2019 ఫిబ్రవరి 3న వెల్లింగ్టన్‌లో న్యూజీలాండ్‌పై భారత్ 18 పరుగులకే 4 వికెట్లు కోల్పోయినప్పుడు రాయుడు 90 పరుగులు చేసి జట్టును గట్టెక్కించినాడు. అయిదో వికెట్‌కు అతనితో 98 పరుగులు జోడించినది విజయ్ శంకర్. ఆ తరువాతి నెలలో ఆస్ట్రేలియాపై మూడు మ్యాచ్‌లలో 13, 18, 2 పరుగులకే వెనుదిరిగినాడు. ఏప్రిల్ 15న ప్రకటించిన ప్రపంచ కప్ జట్టులో రాయుడు పేరు లేదు. అతని స్థానంలో వచ్చినది వెల్లింగ్టన్ భాగస్వామి విజయ్ శంకరే. సెలక్షన్ కమిటీ అధ్యక్షుడు, గుంటూరు జిల్లాకే చెందిన ఎం.ఎస్.కె.ప్రసాద్, విజయ్ శంకర్ బ్యాటింగు, బౌలింగు, ఫీల్డింగు మూడింటిలోనూ ఉపయోగపడే త్రీ డైమెన్షనల్ ఆటగాడని వివరించినాడు. ప్రపంచ కప్ చూడటానికి త్రీడీ కళ్ళద్దాలకు ఆర్డరు ఇచ్చానని రాయుడు మరునాడు ట్విట్టర్‌లో వ్యంగ్యంగా వ్రాసినాడు. అధికారికంగా చర్య ఏదీ తీసుకోకపోయిననూ ఆ వ్యాఖ్య అతనికి మేలు చేయలేదనే చెప్పాలి.

రాయుడిని స్టాండ్‌బైగా ఉంచినారు. పోటీ మధ్యలో ధావన్ గాయపడితే రిషభ్ పంత్‌ను, విజయ్ శంకర్ గాయపడితే అప్పటికి ఒక్క వన్డే కూడా ఆడని మయాంక్ అగర్వాల్‌ను పిలిపించినారు. జూలై 3న రాయుడు అన్ని రకాల క్రికెట్ నుండి వైదొలగుతున్నట్లు బి.సి.సి.ఐ.కి లేఖ పంపినాడు. వారం తరువాత భారత్ సెమీఫైనల్‌లో ఓడిపోయినది. ఆ పోటీలో నాలుగో స్థానంలో నలుగురు వేర్వేరు ఆటగాళ్ళు బ్యాటింగు చేసినారు.

ఉప్పల్ స్టేడియం

ఎల్.బి.నగర్ నుండి నాగోలు మీదుగా వెళ్ళే ఇన్నర్ రింగురోడ్డు మార్గంలో వచ్చే ఉప్పల్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ స్టేడియం రాయుడికి సొంత మైదానం. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాల అభిమానులకు అందుబాటులో ఉన్నది కూడా ఇదే. 2014 నవంబరు 9న శ్రీలంకపై ఇక్కడ 35 పరుగులు చేసినాడు. పైన చెప్పిన 13 పరుగుల ఇన్నింగ్సు కూడా 2019 మార్చి 2న ఇక్కడిదే. ఈ మైదానంలో జరిగిన 2017, 2019 ఐ.పి.ఎల్. ఫైనళ్ళు రెండూ ఒక్క పరుగు తేడాతోనే ముగిసినాయి. రెండింటిలోనూ రాయుడు ఆడినాడు: మొదటిసారి గెలిచిన ముంబాయి జట్టులో, రెండవసారి ఓడిన చెన్నై జట్టులో. రెండవది ప్రపంచ కప్ జట్టులో చోటు దక్కని నెల రోజులలోపే జరిగినది.

తరువాతి కాలం

2019 ఆగస్టులో రాయుడు తన నిర్ణయం ఉద్రేకంలో తీసుకున్నదని హైదరాబాదు క్రికెట్ సంఘానికి లేఖ వ్రాసి తిరిగి ఆటలోకి వచ్చినాడు. విజయ్ హజారే ట్రోఫీలో హైదరాబాదు కెప్టెన్ అయినాడు. నవంబరులో సంఘంలో అవినీతి పెచ్చరిల్లినదంటూ అప్పటి తెలంగాణ మంత్రి కె.టి.రామారావుకు ట్విట్టర్ ద్వారా ఫిర్యాదు చేసినాడు. అప్పుడు సంఘం అధ్యక్షుడు అజహరుద్దీన్. ఆయన దానిని నిరాశకు లోనైన ఆటగాని మాటగా కొట్టివేసినాడు. రాయుడు ఆ సీజన్ రంజీ పోటీలకు దూరంగా ఉన్నాడు.

2022 మేలో ఐ.పి.ఎల్. నుండి విరమిస్తున్నట్లు ట్విట్టర్‌లో ప్రకటించి కొద్దిసేపటికే ఆ ప్రకటనను తొలగించినాడు. 2023 మేలో గుజరాత్ టైటాన్స్‌తో జరిగిన ఫైనలే తన చివరి మ్యాచ్ అని ముందుగా చెప్పి, 8 బంతులలో 19 పరుగులు చేసి నిష్క్రమించినాడు. చెన్నై గెలిచినది. ముంబాయితో మూడు (2013, 2015, 2017), చెన్నైతో మూడు (2018, 2021, 2023) కలిపి అతనికి అది ఆరవ టైటిల్. ఐ.పి.ఎల్.లో 204 మ్యాచ్‌లు ఆడి 4348 పరుగులు చేసినాడు.

2023 డిసెంబరు 28న వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ పార్టీలో చేరి, పది రోజులు తిరగకముందే, 2024 జనవరి 6న బయటకు వచ్చినాడు. 2024లో బర్మింగ్‌హామ్‌లో జరిగిన మాజీ ఆటగాళ్ళ పోటీ ఫైనల్‌లో పాకిస్తాన్‌పై 50 పరుగులు, 2025 మార్చి 16న రాయపూర్‌లో వెస్టిండీస్ మాస్టర్స్‌పై 74 పరుగులు చేసి రెండు ఫైనళ్ళలోనూ భారత జట్టును గెలిపించినాడు.

గణాంకాలు

వన్డేలు: 55 మ్యాచ్‌లు, 1694 పరుగులు, 3 సెంచరీలు, 10 అర్ధసెంచరీలు, అత్యధిక స్కోరు 124 (నాటౌట్). అంతర్జాతీయ ట్వంటీ-20: 6 మ్యాచ్‌లు, 42 పరుగులు. ఫస్ట్‌క్లాస్: 97 మ్యాచ్‌లు, 6151 పరుగులు, సగటు 45.56, 16 సెంచరీలు.